అత్తమ్మ బండ మీద బొల్లి మచ్చలు

మా మామకు అల్లుళ్లం ఇద్దరం. పెద్దవాణ్ణి నేను. గోదావరిఖనిలో ఒక బొగ్గు బాయి దగ్గర ల్యాంపు రూములో పనిచేస్తాను. బాయిలోకి దిగే ప్రతి మనిషి తలకూ దీపం నా చేతి మీదుగానే పోవాలి. నేనొక్క షిఫ్టు అలిగి కూర్చుంటే బొగ్గు ఆగుతుంది, బొగ్గు ఆగితే కరెంటు ఆగుతుంది, కరెంటు ఆగితే ఢిల్లీలో పెద్దపెద్దవాళ్లు విసనకర్రలు ఊపుకుంటూ కూర్చుంటారు. ఈ సంగతి నాకు బాగా తెలుసు. మా ఇంట్లోవాళ్లకే తెలియదు.

రెండోవాడు నా తోడల్లుడు. నస్పూర్‌లో ఉంటాడు, బడిలో జీవశాస్త్రం చెబుతాడు. మనిషి సన్నగా, మాట మెల్లగా, చొక్కా ఎప్పుడూ తెల్లగా. బొగ్గు లారీల వెనకాల బండి నడుపుకుంటూ గోదావరి దాటి వచ్చినా ఆయన కాలరు మీద మచ్చ పడదు. నేను ఉతికిన చొక్కా తొడుక్కుని గుమ్మం దాటితే చాలు, దుమ్ము పాత చుట్టంలా వచ్చి మెడ చుట్టూ చేతులు వేస్తుంది. దేవుడు పక్షపాతి అని నేననను. పాస్టరుగారు వింటే బాగుండదు.

మామ నా క్వార్టరులోనే ఉంటాడు. నా ఇంట్లో అన్నం తింటాడు, నా ఫ్యాను కింద పడుకుంటాడు, నా కుర్చీలో కూర్చుని చిన్నల్లుణ్ణి పొగుడుతాడు. నన్ను పిలిస్తే "ఓ అల్లుడా" అంటాడు. ఆయన్ను పిలిస్తే "సారూ" అంటాడు. పదిహేడేళ్లుగా ఆ రెండు పిలుపులూ నా రెండు చెవుల్లో చెరొకటి మోగుతూనే ఉన్నాయి. మామకు మోకాళ్ల నొప్పి వస్తే దవాఖానకు తీసుకుపోయేది నేను, వరుసలో నిలబడేది నేను, మందు రాసేది నా భార్య. సాయంత్రం సారు ఫోన్ చేసి "ఎట్లున్నది మామా" అంటాడు. అంతే, నొప్పి సగం తగ్గిపోతుంది. తగ్గిన ఆ సగం ఆయన ఖాతాలోకి, మిగిలిన సగం నా నెత్తి మీదికి.

ఇక బండ సంగతి. మా అత్తమ్మ పోయి పద్నాలుగేళ్లు. సమాధుల తోటలో ఆమె సమాధికి తల దగ్గర ఒక షాబాద్ బండ నిలబెట్టి ఉంటుంది. దాని మీద పేరు చెక్కడానికి మామ ఎవరినీ పిలవలేదు. జీవితమంతా బొగ్గు కొట్టిన చేయి, బండను ఇంకొకడి చేతికి ఇవ్వనన్నాడు. కానీ ఆయనకు చదువు రాదు. అందుకని సుద్దముక్కతో పేరులోని ఐదక్షరాలూ ముందు ఎవరో రాయాలి, వాటి వెంట ఈయన ఉలి నడుపుతాడు. ఆ సుద్దముక్క ఎవరి చేతికి ఇచ్చాడో మీకు చెప్పనక్కరలేదు. సారు ముత్యాల్లాంటి అక్షరాలు రాశాడు, మామ చెక్కాడు. నేను ఆ రోజంతా నీళ్ల సీసా పట్టుకుని నిలబడ్డాను. ఆ కుటుంబ కార్యక్రమంలో నా పాత్ర అదీ.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఈస్టర్ నాటి తెల్లవారుజామున అందరం కొవ్వొత్తులతో సమాధుల తోటకు పోయి ప్రార్థన చేస్తాం. ఆ వారంలోనే ప్రతి ఇంటివాళ్లూ తమ సమాధికి సున్నం కొడతారు. కొట్టడమంటే మామూలుగా కాదు. ఆ రోజు పొద్దున విమానంలో పోయేవాడు కిందికి చూస్తే బొగ్గు గుట్టల మధ్య మంచు కురిసిందనుకోవాలి. మా అత్తమ్మ సమాధి దిమ్మెకు, పేరున్న బండను వదిలి, ఏటేటా సున్నం కొట్టేది నేనే. సారు వచ్చి, నిలబడి, బాగుందంటాడు.

ఈ ఏడు ఈస్టర్‌కు వారం ముందు, మట్టల ఆదివారం ఆరాధన అయ్యాక నలుగురం తోటకు పోయాం: మామ, నా భార్య, సారు, నేను. సున్నం ఎంత పడుతుందో చూసుకుందామని. మామ ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండోది ఇంకా మబ్బుగానే ఉంది. ఆయన వంగి బండను తడిమి, మళ్లీ తడిమి, చేయి వెనక్కి తీసుకున్నాడు.

"దీనికేందో అయింది. బండకు బొల్లి లేసింది."

నేనూ వంగి చూశాను. నిజమే. నల్లబడిన బండ మీద బూడిద తెలుపు మచ్చలు. కొన్ని కందిగింజంత, కొన్ని రూపాయి బిళ్లంత. అంచులు పగిలిన నేలలా నెర్రెలు విచ్చి, మధ్యలో ఆవగింజ కంటే చిన్న నల్ల చుక్కలు. ఎక్కువ మచ్చలు చెక్కిన గాడుల్లోనే ఉన్నాయి, అచ్చం అక్షరాల మీద.

మామ చేతికర్రతో బండను మూడుసార్లు కొట్టి, తల వంచి చెవి పెట్టాడు. బాయిలో కప్పు కింద పనికి దిగే ముందు ఇట్లాగే రాడ్డుతో కొట్టి వింటారు. ఖంగుమంటే గట్టిది, బొదబొదమంటే పక్కకు తప్పుకోవాలి. బండ ఖంగుమంది. ఆయన ముఖం మాత్రం తేలికపడలేదు.

"సప్పుడు మంచిగనే ఉన్నది. అయినా మచ్చ లేసిన రాయి ఊకె ఉండది, పొర పొరగ ఊడుతది. బాయిల ఎన్ని చూడలే నేను. పేరు ఊడిపోతదా సారూ?"

చూశారా, ప్రశ్న నేరుగా సారుకే. పక్కన రాతి దిమ్మెలాగా నేనొకణ్ణి నిలబడి ఉన్నాను, అయినా కనబడలేదు.

సారు జేబులోంచి భూతద్దం తీశాడు. సమాధుల తోటకు భూతద్దం తెచ్చుకునే మనిషిని నా జీవితంలో అదే మొదటిసారి చూడటం. ఆ అద్దంలోంచి గోదావరి అవతలి ఒడ్డున చీమ మీసం కూడా కనబడుతుందని నా అంచనా. ఆయన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ప్యాంటుకు మట్టి అంటలేదు.

"ఇది జబ్బు కాదు మామా, లైకెన్ అంటరు. బూజు ఒకటి, నాచు ఒకటి, రెండు కలిసి చేసే కాపురం. బూజు ఇల్లు కడుతది, నాచు ఎండల కూసొని అన్నం వండుతది. బిర్యానీల వేస్తరు చూడు రాతిపువ్వు, గది కూడ దీని చుట్టమే. గది ఆకు లెక్క లేసి ఉంటది, చేత్తో పీకితే వస్తది. ఇది పెంకు లెక్క రాయికి అతుక్కుంటది. గోరుతోని గీకినా ఊడది."

"పేరును తింటదా?"

"తినుడంటే వందల ఏండ్ల పని. మనమే గీకితే మాత్రం దానితోపాటు అక్షరం అంచు కూడ పోతది. దాన్ని అట్లనే ఉండనియ్యాలె. పక్కన సున్నం గూడ కొట్టొద్దు, చిట్లి మీద పడితే చస్తది."

సున్నం కొట్టవద్దట. ఆ కుటుంబంలో నాకున్న ఒక్కగానొక్క ఉద్యోగం అది. అదీ పీకేశాడు, అంత మెల్లగా, అంత మర్యాదగా.

"లైకెన్ లేదు, గికెన్ లేదు. నిరుడు సున్నం కొట్టేటప్పుడు చిట్లిన చుక్కలివి. కొట్టింది నేను, నాకెరుక కాదా?" అన్నాను.

"కావచ్చు అన్నా. ఒక్క పని చేద్దాం. నీళ్లు పోస్తే తేలిపోతది. సున్నం అయితే సున్నం లెక్కనే ఉంటది. లైకెన్ అయితే లోపలి నాచు తడిసి పచ్చగ అయితది. నీళ్ల సీసా ఇటియ్యి."

సీసా నా చేతిలోనే ఉంది. నా పాత్ర మారలేదు కదా. అందులో సగం నీళ్లున్నాయి. నేను ఆ నీళ్ల వైపు చూశాను, సారు చాచిన తెల్లటి చేయి వైపు చూశాను, సీసా ఎత్తి గటగటా తాగేశాను. చివరి చుక్కదాకా. రామగుండం ఎండలో దాహం వేయడం ఏ చట్టంలోనూ నేరం కాదు. తోటలో ఉన్న ఒక్క నల్లాకు పొద్దున తప్ప నీళ్లు రావు.

"అయ్యో, అయిపోయినయి తమ్మీ" అన్నాను.

నా భార్య నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకు బొగ్గు దానంతటదే అంటుకుంటుంది. మామ మాత్రం, "సరే, పండుగ లోపల ఏదో ఒకటి తేల్చున్రి. దాని పేరు పోవద్దు, గంతే" అన్నాడు.

గంతే అన్న ఆ మాట దగ్గర ఆయన గొంతు కొంచెం జారింది. నేను విన్నాను. విని కూడా నాలో నేను అనుకున్నది ఇదీ: తేల్చేది నేనే కావాలి.

ఆ వారం సారుకు బడిలో పరీక్షలు. నస్పూర్ వదిలి రాలేడు. ఏటా పరీక్షలు పెట్టే మహానుభావులెవరో గానీ వాళ్లకు మనసులోనే దండం పెట్టుకున్నాను. మంగళవారం ఫస్టు షిఫ్టు దిగి, మామను షేర్ ఆటోలో ఎక్కించుకుని తోటకు పోయాను. జేబులో నిమ్మకాయ. సున్నం మీద నిమ్మరసం పిండితే పొంగుతుందని చిన్నప్పుడే తెలుసు. నాకూ విజ్ఞాన శాస్త్రం ఉంది, చొక్కా తెల్లగా లేకపోవచ్చు.

మచ్చ మీద నిమ్మకాయ పిండాను. రసం జారి అంచుల దగ్గర బుసబుసా నురగ లేచింది. మహా అంటే నాలుగు బుడగలు. నా కళ్లకు మాత్రం గోదావరికి వరద వచ్చినట్టే కనబడింది.

"చూసినవా మామా? సున్నం. సున్నం కాకపోతే ఎందుకు పొంగుతది?"

మామ చెవి దగ్గరగా పెట్టి మరీ ఆ బుసబుస విన్నాడు. నా భుజం మీద చేయి వేశాడు.

"గట్లనా. మరి సారుకు గిది తెల్వకపాయె. నువ్వే తేల్చినవు, నువ్వే గీకు. శనివారం గీకి మంచిగ సున్నం కొట్టు."

ఆ చేయి బరువు ఇప్పటికీ నా భుజం మీద ఉంది. ఆ రోజు సాయంత్రం కాలనీలో నేను నడిచిన నడక చూసి కుక్కలు పక్కకు తప్పుకున్నాయి. ఇంటికొచ్చి నా భార్యకు నిమ్మకాయ కథ మూడుసార్లు చెప్పాను. మూడోసారికి నురగ బండ పైదాకా పోయింది.

"మా మరిది చెప్పింది తప్పయితే నీకు గింత సంబురమా? ఆమె పేరు ఉంటదా పోతదా అని నీకేమన్న ఫికర్ ఉన్నదా?" అంది.

ఉందన్నాను. కూరలో ఉప్పు తక్కువైందని మాట మార్చాను.

గుడ్ ఫ్రైడే నాడు సారు వచ్చాడు. ఆరాధన అయ్యాక మామ ఆయన చేయి పట్టుకుని, పెద్దల్లుడు నిమ్మకాయతో తేల్చేశాడని, అది సున్నమేనని చెప్పాడు. నేను పక్కన నిలబడి ఆకాశం వైపు చూశాను. గెలిచినవాడు ఎటు చూడాలో నాకు తెలియదు, అలవాటు లేదు.

తర్వాత చెప్పుల దగ్గర నేనొక్కణ్ణే ఉన్నప్పుడు సారు వచ్చి, చెవిలో చెప్పినంత మెల్లగా అన్నాడు.

"అన్నా, షాబాద్ బండంటేనే సున్నపురాయి. నిమ్మరసం ఏడ పిండినా పొంగుతది. మచ్చ లేని కాడ పిండి చూసినవా?"

చూడలేదు. చూడలేదని చెప్పలేదు.

"మామ ముందట అనలే. నువ్వే చూసుకో" అని చెప్పులు తొడుక్కుని పోయాడు.

పదిమందిలో అని ఉంటే పోట్లాడేవాణ్ణి. పోట్లాడితే సగం నిజం నా వైపు కూడా ఉండేది. ఈ మనిషి నాకు ఆ సుఖం కూడా మిగల్చలేదు. ఆయన మంచితనాన్ని చూసి కుళ్లుకున్నంత నేను ఆయన చదువును చూసి కూడా ఎప్పుడూ కుళ్లుకోలేదు. ఆ సాయంత్రం వరండాలో పరిచిన షాబాద్ బండ మీద, ఎవరూ చూడకుండా, ఒక్క నిమ్మచుక్క వేశాను. పొంగింది. కాలితో తుడిచేశాను.

మరి శనివారం ఎందుకు పోయావంటారా? పోకపోతే ఓడిపోయినట్టు కదా. నా భుజం మీది చేయిని తిరిగి ఇచ్చేయాలి కదా. వరండా బండ వేరు, సమాధి బండ వేరు అని దారి పొడుగునా నాకు నేనే చెప్పుకున్నాను. ఒక చేతిలో సున్నం బకెట్టు, ఇంకో చేతిలో ఇనుప బ్రష్షు, సంచీలో రెండు నీళ్ల సీసాలు. మామ కూడా వచ్చాడు. పక్కన వేపచెట్టు నీడలో గట్టు మీద కూర్చుని, కర్ర గదవ కింద పెట్టుకుని నా వైపే చూస్తున్నాడు.

మొదటి అక్షరం దగ్గర మొదలుపెట్టాను. బ్రష్షు కరకరమంది. మచ్చ తేలిగ్గా ఊడలేదు, సారు చెప్పినట్టే. సారు చెప్పినట్టే అని అనిపించినందుకు ఇంకా గట్టిగా రుద్దాను. తెల్లటి పొడి లేచి నా మీసాల మీద కూర్చుంది. ఆ పొడిలో బండ పొడి కూడా ఉందని నా వేళ్లకు తెలుస్తూనే ఉంది. మామ చెక్కిన గాడి అంచు, పదునుగా ఉండేది, మొద్దుబారింది. అయినా అక్షరం పూర్తయ్యేదాకా ఆపలేదు.

మామ దగ్గాడు.

"ఏందల్లుడా, దుమ్ము లేపుతున్నవు? దుమ్ము లేస్తె ముందుగాల నీళ్లు కొట్టాలె. గింత సర్వీసు చేసినవు, గదన్న ఎరుక లేదా?"

బాయిలో అదే పద్ధతి. బొగ్గు కొట్టిన చోట దుమ్ము లేస్తే నీళ్లు చల్లకుండా చేయి కదపరు. ముప్పై నాలుగేళ్లు దుమ్ము తిన్న మనిషి చెబుతున్నాడు. నేను ఆలోచించలేదు. సీసా మూత తీసి బండ మీద పై నుంచి పోశాను.

నీళ్లు కిందికి జారాయి. నేను బ్రష్షు మళ్లీ ఎత్తాను. ఎత్తిన చేయి అక్కడే ఆగింది.

మచ్చలు రంగు మారుతున్నాయి. ముందు బూడిద రంగు పోయింది, తర్వాత లోపలి నుంచి ఏదో నెమ్మదిగా పైకి వచ్చినట్టు పచ్చదనం. లేత చింతాకు పచ్చ. రెండో అక్షరం, మూడోది, నాలుగోది, ఐదోది. గాడి ఎక్కడ ఉంటే అక్కడ, సారు సుద్ద నడిచిన దారి వెంట, మామ ఉలి నడిచిన దారి వెంట. చెక్కిన రోజున కూడా ఆ పేరు అంత స్పష్టంగా లేదు. మొదటి అక్షరం ఒక్కటి మాత్రం తెల్లగా, గుండు కొట్టించుకున్నట్టు ఉంది.

అతిశయోక్తి చెప్పడానికి నేను పుట్టాను. ఇది మాత్రం ఉన్నదున్నట్టే చెబుతున్నాను.

మామ లేచి వచ్చాడు. మబ్బు కన్ను మూసి, మంచి కన్నుతో దగ్గరగా చూశాడు. చదువు రాకపోయినా ఆ నాలుగు ఆకారాలూ ఆయనకు తెలుసు, తన చేతిలోంచి వచ్చినవే. నా వైపు తిరిగి అడిగాడు.

"సున్నం పచ్చగయితదా అల్లుడా?"

అబద్ధానికి నా దగ్గర ఎప్పుడూ కరువు లేదు. ఆ క్షణంలో నాలుగైదు వరుసగా నిలబడ్డాయి కూడా, ల్యాంపు కోసం షిఫ్టువాళ్లు నిలబడినట్టు. ఒక్కదానికీ దీపం ఇవ్వలేకపోయాను.

"కాదు మామా. సారు చెప్పిందే నిజం. పొంగింది బండ, మచ్చ కాదు. నిన్ననే ఎరికైంది నాకు."

ఆయన మొదటి అక్షరం మీద వేలు పెట్టి తడిమాడు. మొద్దుబారిన అంచు దగ్గర వేలు ఆగింది. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"మట్టలాదారం నాడు సీసాల నీళ్లు కూడ దూపయి తాగలే నేను, సారుకియ్యొద్దని తాగిన" అన్నాను. మొదలుపెట్టాక అన్నీ కక్కేయాలనిపిస్తుంది.

"గదెరికే. నీ గొంతు గటగటమంటుంటె చూస్తనే ఉన్న. ఒక కన్ను లేదు గని రెండు చెవులున్నయి నాకు."

సున్నం బకెట్టు మూసేశాను. ఇద్దరం ఆటో కోసం నడిచాం. ఆటో ఎక్కేటప్పుడు ఆయన నా భుజం పట్టుకుని ఎక్కాడు. అది మోకాళ్ల కోసమా, నా కోసమా అన్నది నేనిప్పటికీ తేల్చుకోలేదు.

ఈస్టర్ తెల్లవారుజామున తోటంతా తెల్లగా మెరుస్తుంటే మా అత్తమ్మ సమాధి ఒక్కటే మాసి నల్లగా నిలబడింది. అందరూ ఆగి అడిగేవాళ్లే: సున్నం కొట్టలేదేమని. అడిగిన ప్రతివాళ్లకూ సారు కొవ్వొత్తి దగ్గరగా పట్టి, నీళ్లు చిలకరించి చూపించాడు. పేరు పచ్చగా లేచినప్పుడల్లా జనం అబ్బో అన్నారు. పాస్టరుగారు కూడా వంగి చూశారు. మొదటి అక్షరం ఎందుకు అట్లా ఉందని ఎవరో అడిగితే సారు, "అక్కడ ఇంకా పట్టలేదు" అన్నాడు. అంతే. నా వైపు చూడను కూడా లేదు. ఆ దయకు నాకు ఒళ్లంతా కారం రాసినట్టయింది.

తిరిగి వచ్చేటప్పుడు మామ మా ఇద్దరి మధ్యా నడుస్తూ తీర్పు చెప్పాడు.

"చెప్పుడు సారు పని. గా పోయిన అక్షరం పెద్దల్లుని పని. మల్ల లేసేదాక వాడే చూసుకోవాలె."

"అది లేవాలంటే ఏండ్లు పడుతది మామా. మా సర్వీసులల్ల అయ్యేది కాదు" అన్నాడు సారు.

"అయితే రిటేరయినంక గూడ చూస్తడు. వానికేం పని?"

అప్పటి నుంచి వారానికొకసారి, ఫస్టు షిఫ్టు దిగాక, నేను తోటకు పోతున్నాను. నాలుగు అక్షరాల మీద నీళ్లు పోసి పచ్చబడటం చూసి వస్తాను. వాటిని చూసినా కుళ్లే నాకు. గీకకుండా మిగిలిపోయి ఎంత హాయిగా ఉన్నాయో అని.

మొన్న సారు ఫోన్ చేశాడు.

"అన్నా, ఆ అక్షరం ఎట్లున్నది? ఈ ఆదివారం నేను కూడ వస్తా, అద్దం పెట్టి చూద్దాం."

"ఎందుకు తమ్మీ, ఎండలు మస్తున్నయి. నస్పూర్ నుంచి గింత దూరం."

"ఒక్కసారి చూడాలనుంది అన్నా" అన్నాడు. ఆ గొంతులో ఏదో కొత్తగా వినిపించింది. ఎప్పుడూ విననిది. అయినా నాకు చాలా తెలిసినదే. పదిహేడేళ్లుగా నా గొంతులో నేను రోజూ వింటున్నదే.

రావద్దనే చెప్పాను.

నేనూ ఒక భూతద్దం కొన్నాను, ఇంట్లో తెలియకుండా. పోయిన వారం మొదటి అక్షరం మీద, గాడి వంపు తిరిగే చోట, ఒక బూడిద రంగు చుక్క కనబడింది. ఆవగింజలో సగం ఉంటుంది. అద్దంలోంచి మాత్రం నాకు తాటికాయంత కనబడింది. అది లైకెన్ మొలకో, వేపచెట్టు మీది పిట్ట రెట్టో తెలియదు. నీళ్లు పోస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. నేను రెండో అక్షరం నుంచే పోస్తున్నాను, మొదటిదాని మీద ఒక్క చుక్క పడకుండా చేయి అడ్డం పెట్టి.